అవ్వ అడిగిన విమానాలు

ఇంతవరకు ఇక్కడ మన ఇంటి పాత పత్రాల గురించి, పండుగల గురించి, వలస వచ్చిన దారుల గురించి రాసుకుంటూ వచ్చాం. ఈసారి ఒక విమానం గురించి రాస్తున్నాం. మన కుటుంబానికీ బ్రిటిష్ యుద్ధ విమానానికీ ఏం సంబంధం అని మీరు అడగొచ్చు. సంబంధం అవ్వ చెప్పిన ఒక్క మాటతో మొదలైంది.

1942లో అవ్వకు పదేళ్లు. బళ్లారి అప్పుడు మద్రాసు ప్రెసిడెన్సీలో ఒక జిల్లా. 1953లో జిల్లాను పంచినప్పుడు ఆదోని, ఆలూరు, రాయదుర్గం ఆంధ్రలోకి పోయాయి, మనం మైసూరు రాష్ట్రంలోకి వచ్చాం. అందుకే మా తరం బడిలో కన్నడం చదివింది, తెలుగు ఇంట్లో అవ్వ దగ్గర నేర్చుకుంది. ఆ ఏడాది ఏప్రిల్‌లో మద్రాసు నుంచి చుట్టాలు గుంతకల్లు మీదుగా రైలెక్కి, ఇత్తడి బిందెలు, ట్రంకు పెట్టెలతో సహా మన ఇంట్లో దిగారు. నాలుగైదు నెలలు ఉన్నారు. మన ఇంట్లో అది "బాంబుల ఏడు". అవ్వ ఆ కథ చెప్పిన ప్రతిసారీ చివర్లో ఒకటే మాట అనేది: "విశాఖపట్నం మీద బాంబులేసి పోయినారంట. మనోల్ల ఇమానం ఒగిటీ పైకి లేయలేదంట. ఇంగ్లీసోల్లకు ఇమానాలే లేవా?"

ఆ ప్రశ్నకు అవ్వ ఉన్నప్పుడు జవాబు చెప్పలేకపోయాం. తర్వాత చదువుకుంటూ పోతే తెలిసింది, విమానాలు ఉన్నాయని. విశాఖలో కాదు, కొలంబోలో. అదే వారంలో అవి జపాన్ నౌకాదళం మీదికి వెళ్లాయి కూడా. ఆ విమానం పేరు బ్రిస్టల్ బ్లెన్‌హీమ్. దాని కథ చదివితే, మా పని సాఫ్ట్‌వేర్ టెస్టింగ్ కాబట్టేమో, ఎక్కడో బాగా తెలిసిన కథే అనిపించింది.

పత్రికాధిపతి సరదా

బ్లెన్‌హీమ్ యుద్ధం కోసం పుట్టిన విమానం కాదు. డైలీ మెయిల్ పత్రిక యజమాని లార్డ్ రాదర్‌మియర్‌కు 1934లో ఒక కోరిక కలిగింది. యూరప్‌లో అన్నిటికంటే వేగంగా పోయే సొంత విమానం కావాలి, అందులో కొద్దిమంది హాయిగా కూర్చుని ప్రయాణించగలగాలి. బ్రిస్టల్ కంపెనీలో ప్రధాన డిజైనర్ ఫ్రాంక్ బార్న్‌వెల్ అలాంటి బొమ్మ గీసి ఇచ్చాడు. రెండు ఇంజన్లు, ఒకే వరస రెక్కలు, లోహపు ఒళ్లు, లోపలికి ముడుచుకునే చక్రాలు. 1935 ఏప్రిల్ 12న బ్రిస్టల్ దగ్గర ఫిల్టన్‌లో అది మొదటిసారి ఎగిరింది.

పరీక్షల్లో అది గంటకు 307 మైళ్ల వేగం చూపించింది, అంటే సుమారు 494 కిలోమీటర్లు. ఈ అంకె ఎందుకు గొప్పదో తెలియాలంటే పక్కన ఇంకో అంకె పెట్టాలి. అదే ఏడాది బ్రిటిష్ వాయుసేనలో చేరిన కొత్త ఫైటర్ గాంట్లెట్‌కు రెండు వరసల రెక్కలు, గంటకు 230 మైళ్ల వేగం. అంటే ఒక షావుకారి సొంత బండి, దేశాన్ని కాపాడాల్సిన ఫైటర్ కంటే గంటకు 70 మైళ్లకు పైగా ముందుంది. వాయుశాఖ ఆ విమానాన్ని చూస్తామంది. రాదర్‌మియర్ దానికి "బ్రిటన్ ఫస్ట్" అని పేరు పెట్టి దేశానికే ఇచ్చేశాడు.

దాన్నే బాంబరుగా మార్చమన్నారు. బాంబుల అరకు చోటు కావాలి కాబట్టి కింద ఉన్న రెక్కల్ని నడిమికి ఎత్తారు. పైన తుపాకీ గుమ్మటం పెట్టారు. యుద్ధ రూపంలో ఒక్క నమూనా కూడా ఎగరకముందే, కాగితం మీదే 150 విమానాలకు ఆర్డరు ఇచ్చారు. ఆ రూపంలో అది 1936 జూన్ 25న ఎగిరింది, 1937లో స్క్వాడ్రన్లకు చేరింది. తర్వాత ముక్కు పొడిగించిన నాలుగో రకం వచ్చింది. యుద్ధంలో ఎక్కువగా పనిచేసింది అదే.

లోపల ముగ్గురు. పైలట్, దారి చూసి బాంబులు వదిలే నావిగేటర్, వెనక గుమ్మటంలో వైర్‌లెస్ చూసుకుంటూ తుపాకీ కూడా పేల్చే గన్నర్. మోసే బాంబులు వెయ్యి పౌన్లు, అంటే 450 కిలోలు. మొదట్లో ముందుకు కాల్చడానికి ఒక మెషిన్‌గన్, వెనక్కి ఒకటి. అంతే.

ఆ రెండు తుపాకులు చాలని ఎందుకు అనుకున్నారు? వేగమే కవచం అనుకున్నారు కాబట్టి. ఎన్ని అడ్డుపెట్టినా బాంబర్ దూసుకుపోయే తీరుతుందని స్టాన్లీ బాల్డ్విన్ 1932లోనే పార్లమెంటులో అన్నాడు. ఫైటర్ అందుకోలేనంత వేగంగా పోతే తుపాకులెందుకు, కవచమెందుకు? 1935లో ఈ లెక్క తప్పేమీ కాదు. అప్పుడు మమ్మల్ని పరీక్షించమన్నా పాస్ అనే రాసి ఉండేవాళ్లం.

నాలుగేళ్ల తేడా

మా వృత్తిలో ఒక సంగతి కొత్తగా చేరినవాళ్లకు మొదటి వారంలోనే చెబుతారు. ప్రోగ్రాంలో ఒక్క అక్షరం మార్చకపోయినా అది చెడిపోగలదు. చుట్టూ ఉన్నది మారితే చాలు. నిన్న పాసైన టెస్టు ఇవాళ ఫెయిలవుతుంది. బ్లెన్‌హీమ్‌కు జరిగింది అదే.

తుపాకులు, గుమ్మటం, బాంబులు, పొడుగు ముక్కు, అన్నీ కలిపేసరికి దాని బరువు పెరిగింది, వేగం తగ్గింది. నాలుగో రకం అత్యధిక వేగం గంటకు సుమారు 266 మైళ్లు. ఈలోపు జర్మనీలో మెసర్‌ష్మిట్ 109 ఫైటర్ వచ్చేసింది. 1939 నాటి రకం వేగం గంటకు సుమారు 350 మైళ్లు. మెషిన్‌గన్లతో పాటు 20 మిల్లీమీటర్ల ఫిరంగులు కూడా ఉన్నాయి. 70 మైళ్లు ముందున్న విమానం 80 మైళ్లు వెనకబడింది. నాలుగేళ్లలో.

యుద్ధం ప్రకటించిన 1939 సెప్టెంబర్ 3నే ఒక బ్లెన్‌హీమ్ బయలుదేరి జర్మనీ తీరం దాటింది. ఆ యుద్ధంలో బ్రిటిష్ వాయుసేన మొదటి ప్రయాణం అది. జర్మన్ యుద్ధనౌకలు ఎక్కడున్నాయో చూసింది. అయితే అంత ఎత్తున చలికి వైర్‌లెస్ గడ్డకట్టుకుపోయి కబురు అందలేదు. మరుసటి రోజు 15 బ్లెన్‌హీమ్‌లను పంపారు. ఐదింటికి వాతావరణం వల్ల నౌకలు కనబడలేదు. మిగతా పది విల్‌హెల్మ్స్‌హాఫెన్ రేవు చేరి చాలా కిందికి దిగి బాంబులు వేశాయి. అడ్మిరల్ షేర్ అనే నౌకకు బాంబులు తగిలాయి గానీ పేలలేదు. పదిలో ఐదు తిరిగి రాలేదు.

మొదటి దాడిలోనే సగం పోయాయి. మా భాషలో చెప్పాలంటే మొదటి రోజే ఒక పెద్ద బగ్ నమోదైంది.

82వ స్క్వాడ్రన్

1940 మే 10న జర్మన్లు ఫ్రాన్స్, బెల్జియం, హాలండ్ మీద పడ్డారు. మే 17న బెల్జియంలోని జాంబ్లూ దగ్గర జర్మన్ సేనల్ని ఆపాలని 82వ స్క్వాడ్రన్ నుంచి 12 బ్లెన్‌హీమ్‌లను పట్టపగలు పంపారు. తోడు రావాల్సిన ఫైటర్లు కలవలేదు. కింది నుంచి పేల్చిన ఫిరంగులకు వరస చెదిరిపోయింది. చెదిరిన వాటి మీద మెసర్‌ష్మిట్లు పడ్డాయి. 12లో 11 పోయాయి. ఒక్కటి తిరిగొచ్చింది.

స్క్వాడ్రన్‌ను రద్దు చేద్దామన్నారు. దాని అధిపతి, ఐర్లాండ్‌కు చెందిన బ్యాండన్ ప్రభువు, ఒప్పుకోలేదు. కొత్త మనుషుల్నీ కొత్త విమానాల్నీ కూర్చుకుని కొద్ది రోజుల్లోనే మళ్లీ దాడులకు సిద్ధం చేశాడు.

మూడు నెలలు కూడా కాలేదు. ఆగస్టు 13న అదే స్క్వాడ్రన్ నుంచి మళ్లీ 12 బ్లెన్‌హీమ్‌లు బయలుదేరాయి. ఈసారి డెన్మార్క్‌లోని ఆల్‌బోర్గ్ విమానాశ్రయం మీదికి. మళ్లీ పట్టపగలు, మళ్లీ ఫైటర్ల తోడు లేకుండా. ఒకటి దారిలో వెనక్కి తిరిగింది. మిగిలిన 11 విమానాల్నీ కూల్చేశారు. ఒక్కటీ తిరిగి రాలేదు. విమానానికి ముగ్గురు చొప్పున 33 మంది, చనిపోయినవాళ్లు చనిపోగా మిగిలినవాళ్లు ఖైదీలయ్యారు.

ఈ రెండు తేదీల దగ్గర మేము చాలాసేపు ఆగిపోయాం. మే 17న ఏం జరిగిందో ఆగస్టు 13న ఆ విమానాల్లో ఎక్కినవాళ్లకు తెలియదా? తెలుసు. వాళ్ల మెస్‌లో ఖాళీ అయిన కుర్చీలే చెప్పి ఉంటాయి. పంపినవాళ్లకు తెలియదా? వాళ్లకూ తెలుసు. మరి ఎందుకు పంపారు?

ఇక్కడ ఎవరో ఒక మూర్ఖుడి మీద తప్పు తోసేస్తే కథ సులువవుతుంది, కానీ నిజం కాదు. ఫ్రాన్స్ కూలిపోతోంది, చేతిలో ఉన్నదే వాడాలి. తర్వాత ఇంగ్లిష్ చానల్ ఒడ్డున జర్మన్లు దండయాత్ర కోసం పడవలు పోగు చేస్తుంటే వాటిని కాల్చింది కూడా బాంబర్లే, వాటిలో బ్లెన్‌హీమ్‌లు ఉన్నాయి. దీనికి బదులు రావాల్సిన విమానాలు ఇంకా తయారవుతున్నాయి. మస్కిటో మొదటిసారి ఎగిరిందే 1940 నవంబర్‌లో. ఫ్యాక్టరీలు బ్లెన్‌హీమ్‌లకు అలవాటుపడి ఉన్నాయి. మొత్తం మీద 4,400కి పైగా తయారయ్యాయి.

అది పనికిమాలిన విమానమనీ అనలేం. రాత్రిళ్లు తిరిగే ఫైటరుగా మార్చిన బ్లెన్‌హీమ్‌లో మొదటి తరం రాడార్ పెట్టారు. 1940 జూలై 22 రాత్రి అలాంటి ఒక బ్లెన్‌హీమ్ రాడార్ సాయంతో జర్మన్ బాంబరును కూల్చింది. విమానంలోని రాడార్‌తో శత్రువును కనిపెట్టి కూల్చడం ప్రపంచంలో అదే మొదలు. అంటే చీకట్లో, తగిన పనికి వాడితే బాగానే పనిచేసింది. పగటిపూట, తోడు లేకుండా, ఫైటర్లు ఉన్న చోటికి పంపడం దగ్గరే తప్పంతా.

మా అనుభవం ఒకటి చెప్పాలి. ఒకసారి మేము పనిచేసే చోట ఒక లోపం కనిపెట్టి రాశాం. "తెలిసిన సమస్య" అని గుర్తు వేసి పక్కన పెట్టారు. విడుదల తేదీ దాటకూడదు కదా. తర్వాత అదే లోపం వల్ల రెండు రాత్రులు అందరం నిద్ర లేకుండా కూర్చున్నాం. మాకు పోయింది రెండు రాత్రుల నిద్ర. 82వ స్క్వాడ్రన్‌కు పోయింది మనుషులు. రెండూ ఒకటని అనడం లేదు. "తెలిసిన సమస్య" అనే మాట ఎంత సులువుగా నోట్లోంచి వస్తుందో మాత్రం మాకు తెలుసు. అది తెలిసినట్టు ఒప్పుకునే మాటలా ఉంటుంది, నిజానికి చూడడం మానేసే మాట.

బార్న్‌వెల్ ఇంటి సంగతి

డిజైన్ చేసిన మనిషి గురించి కూడా చెప్పకుండా పోలేం. ఫ్రాంక్ బార్న్‌వెల్ ఇదంతా చూడలేదు. 1938 ఆగస్టులో తాను సొంతంగా కట్టుకున్న చిన్న విమానం కూలి చనిపోయాడు. ఆయనకు ముగ్గురు కొడుకులు. ముగ్గురూ వాయుసేనలో చేరారు, ముగ్గురూ యుద్ధంలో చనిపోయారు. ఒకడు 1940 జూన్‌లో తండ్రి గీసిన బ్లెన్‌హీమ్‌లోనే పోయాడు. ఆ ఇంట్లో మిగిలిన తల్లిని తలుచుకుంటే ఇంక ఏ అంకెలూ చదవబుద్ధి కాలేదు.

తూర్పుకు వచ్చిన బ్లెన్‌హీమ్‌లు

యూరప్‌లో పాతబడింది తూర్పున సరిపోతుందని అనుకోవడం అప్పటి అలవాటు. మలయాకు, బర్మాకు మంచి విమానాలు మిగల్లేదు. బ్లెన్‌హీమ్‌లు వచ్చాయి.

జపాన్ యుద్ధంలోకి దిగిన మరుసటి రోజు, 1941 డిసెంబర్ 9న, మలయాలోని బటర్‌వర్త్ విమానాశ్రయంలో 62వ స్క్వాడ్రన్ బ్లెన్‌హీమ్‌లు థాయ్‌లాండ్‌లోని సింగోరా మీద దాడికి సిద్ధమయ్యాయి. సరిగ్గా అప్పుడే జపాన్ బాంబర్లు వచ్చి నేల మీద ఉన్నవాటిని ధ్వంసం చేశాయి. అప్పటికే గాల్లోకి లేచినది ఒక్కటే, స్క్వాడ్రన్ లీడర్ ఆర్థర్ స్కార్ఫ్ నడుపుతున్నది. తోడు ఎవరూ రారని తెలిసీ అతను ఒంటరిగా సింగోరా వెళ్లి బాంబులు వేశాడు. తిరుగుదారిలో ఫైటర్లు వెంటపడ్డాయి. ఎడమ చెయ్యి నుజ్జయింది, వీపులో గుండ్లు దిగాయి. తోటివాళ్లు పట్టుకుని కూర్చోబెడితే నడుపుకుంటూ వచ్చి అలోర్‌స్టార్‌లో దించాడు. మిగతా ఇద్దరికీ గీత కూడా పడలేదు. ఆ ఊరి ఆసుపత్రిలో నర్సుగా ఉన్నది అతని భార్యే. ఆమె తన రక్తం ఇచ్చింది. అయినా అతను దక్కలేదు. మలయా పతనంలో కాగితాలన్నీ పోయాయి కాబట్టి ఈ సంగతి చాలాకాలం ఎవరికీ తెలియలేదు. విక్టోరియా క్రాస్ 1946లో ఇచ్చారు.

1942 ఫిబ్రవరి 15న సింగపూర్ లొంగిపోయింది. మార్చి 8న జపాన్ సేనలు రంగూన్‌లో అడుగుపెట్టాయి. రంగూన్ రేవుల్లో, మిల్లుల్లో పనిచేసిన తెలుగువాళ్లు వేలకొద్దీ ఓడల్లోనూ అడవిదారుల్లో కాలినడకనా వెనక్కి వచ్చారు. మార్చి 23న అండమాన్ పోయింది. ఇక బంగాళాఖాతానికి అడ్డు లేదు.

ఏప్రిల్ మొదటి వారం

ఇప్పుడు అవ్వ కథ దగ్గరికి వచ్చాం.

ఏప్రిల్ 5, ఈస్టర్ ఆదివారం. అడ్మిరల్ నగుమో నడిపే ఐదు విమానవాహక నౌకల దళం కొలంబో మీద దాడి చేసింది. మరో దళం అడ్మిరల్ ఒజావా కింద బంగాళాఖాతంలోకి వచ్చి సరుకు ఓడల్ని ముంచుతూ తిరిగింది. 20కి పైగా ఓడలు మునిగాయి. ఒజావా దళంలో ర్యూజో అనే చిన్న విమానవాహక నౌక ఉంది. ఏప్రిల్ 6న దాని మీంచి లేచిన విమానాలే విశాఖపట్నం రేవు మీద, కాకినాడ మీద బాంబులు వేశాయి. అడ్డుకోవడానికి అక్కడ ఫైటర్లు లేవు. అంటే అవ్వ విన్నది నిజమే. విశాఖలో పైకి లేచి వాటిని తరిమిన విమానం లేదు.

బాంబులు కొన్నే, చనిపోయినవాళ్లు కొద్దిమందే. భయం మాత్రం చాలా దూరం పోయింది. మద్రాసులో అవసరమైన పని లేనివాళ్లు నగరం వదిలి వెళ్లమని ప్రభుత్వం చెప్పింది. ఆఫీసుల్ని లోపలి ఊళ్లకు తరలించారు. రైళ్లు కిక్కిరిశాయి. ఆ రైళ్లలో ఒకదాంట్లోనే మన చుట్టాలు.

ఏప్రిల్ 9న నగుమో దళం ట్రింకోమలీ మీద దాడి చేసింది. ఆ పొద్దున కొలంబోలో గుర్రప్పందేల మైదానాన్ని చదును చేసి కట్టిన రన్‌వే మీంచి 11వ స్క్వాడ్రన్ బ్లెన్‌హీమ్‌లు లేచాయి. ఈ స్క్వాడ్రన్ మన దేశానికి కొత్తది కాదు. యుద్ధానికి ముందు చాలా ఏళ్లు వాయవ్య సరిహద్దులో రిసాల్‌పూర్‌లో ఉండింది, బ్లెన్‌హీమ్‌లు చేతికొచ్చింది కూడా అక్కడే. తర్వాత ఈజిప్టు, గ్రీసు తిరిగి సిలోన్ చేరింది. నాలుగు రోజుల కింద కూడా ఇవి వెతకడానికి వెళ్లాయి, సముద్రం తప్ప ఏమీ కనబడలేదు.

బయలుదేరినవి 11. ఇంజన్ సమస్యతో రెండు వెనక్కి వచ్చాయి. తొమ్మిది ముందుకు పోయాయి. ఈసారి కూడా ఫైటర్ల తోడు లేదు. పర్ల్ హార్బర్‌ను, డార్విన్‌ను, కొలంబోను కొట్టివచ్చిన దళం మీదికి, ఇంగ్లండ్‌లో ఎప్పుడో పాతబడిన తొమ్మిది చిన్న బాంబర్లు.

అవి దళాన్ని కనుక్కున్నాయి. ఇంకా విచిత్రం ఏమిటంటే, దళం వాటిని కనుక్కోలేదు. జపాన్ నౌకల్లో రాడార్ లేదు. కళ్లతో చూసి చెప్పే కాపలావాళ్లే దిక్కు. పైన జీరో ఫైటర్లు తిరుగుతున్నా, నగుమో సొంత నౌక అకాగి చుట్టూ సముద్రంలోంచి నీళ్లు స్తంభాల్లా లేచేదాకా ఎవరికీ తెలియలేదు. సుమారు 11,000 అడుగుల ఎత్తు నుంచి వేసిన బాంబులవి. దగ్గరగా పడ్డాయి. ఒక్కటీ తగల్లేదు.

తర్వాత జీరోలు అందుకున్నాయి. మిగిలినవి తిరిగి వస్తుంటే, బ్రిటిష్ విమానవాహక నౌక హెర్మిస్‌ను ముంచి వెనక్కి వస్తున్న జపాన్ విమానాలు ఎదురుపడ్డాయి. తొమ్మిదిలో ఐదు పోయాయి. నాలుగు దెబ్బలతో కొలంబో చేరాయి.

లెక్కలో చూస్తే ఐదు విమానాలు, 15 మంది మనుషులు ఇచ్చి తెచ్చుకున్నది శూన్యం. కానీ ఒక్క సంగతి గమనించండి. యుద్ధం మొదలైనప్పటి నుంచి నగుమో విమానవాహక నౌకల మీద గాల్లోంచి జరిగిన మొదటి గట్టి దాడి ఇదే. రాడార్ లేని ఈ దళం మీదికి ఎత్తు నుంచి వస్తే ఎవరూ చూడరు అన్న లోపం ఆ పొద్దున కళ్లకు కట్టినట్టు బయటపడింది. ఎంత పెద్ద లోపమో రాసి చేతికిచ్చినట్టే. జపాన్‌వాళ్లు దాన్ని సరిచేసుకోలేదు. దెబ్బ తగల్లేదు కదా!

రెండు నెలల తర్వాత, జూన్ 4న, మిడ్‌వే దగ్గర అమెరికా డైవ్ బాంబర్లు అలాగే ఎత్తు నుంచి, అలాగే ఎవరూ చూడకుండా వచ్చాయి. ఈసారి బాంబులు తగిలాయి. సిలోన్ దగ్గర ఉన్న ఐదింటిలో అకాగి, సోర్యు, హిర్యు మూడూ అక్కడ మునిగాయి, కాగాతో కలిపి నాలుగు. మిడ్‌వేలో ఓటమికి కారణాలు చాలా ఉన్నాయి, బ్లెన్‌హీమ్‌ల వల్లే అని మేము అనడం లేదు. తగలని బాంబు కూడా ఒక కబురే, దాన్ని చదవనివాడికి తర్వాతి బాంబు తగులుతుందని మాత్రం అంటున్నాం.

చదవకపోవడంలో ఇంగ్లండ్ కూడా తక్కువ తినలేదు. సిలోన్ తర్వాత కూడా బ్లెన్‌హీమ్‌కు ఐదో రకం తయారు చేసి ఉత్తర ఆఫ్రికాకు పంపారు. 1942 డిసెంబర్ 4న ట్యునీషియాలో వింగ్ కమాండర్ హ్యూ మాల్కమ్ వాటిని పట్టపగలు, ఫైటర్ల తోడు లేకుండా తీసుకెళ్లాడు. సైన్యం సాయం అడిగింది, అతను కాదనలేకపోయాడు. గురి దగ్గరికి చేరినవాటిలో ఒక్కటీ క్షేమంగా తిరిగి రాలేదు. అతనికీ విక్టోరియా క్రాస్ ఇచ్చారు, చనిపోయాక. జాంబ్లూ నుంచి అప్పటికి రెండున్నరేళ్లు.

అవ్వకు జవాబు

ఇప్పుడు అవ్వ ఉంటే ఏం చెప్పేవాళ్లం?

ముందు, "మనోల్లు" అన్న మాట దగ్గరే చిక్కు ఉంది. ఆ విమానాలు మనవి కావు. కొలంబో రేవును, హిందూ మహాసముద్రంలో ఓడల దారిని కాపాడుకోవడానికి లేచాయి గానీ విశాఖ కోసం కాదు. అదే వారాల్లో ఢిల్లీలో క్రిప్స్ కాంగ్రెస్ నాయకులతో మాట్లాడుతున్నాడు, మాటలు కుదరలేదు. రక్షణ ఎవరి చేతిలో ఉండాలన్నది అక్కడ పెద్ద తగాదా. తీరాన్ని కాపాడలేనివాడు రక్షణ మాత్రం నా చేతిలోనే ఉండాలంటే ఎలా అని అడిగినవాళ్ల మాటలో న్యాయం ఉంది. కొన్ని బాంబులే పడినా విశాఖ ఆ ప్రశ్నకు బలం ఇచ్చింది. అవ్వ పదేళ్ల వయసులో విన్నదీ, జీవితమంతా అడిగిందీ ఆ ప్రశ్నే.

కానీ విమానాలే లేవా అంటే, ఉన్నాయవ్వా అని చెప్పేవాళ్లం. ఏడేళ్ల కింద ఒక పత్రికాయన సరదాకు పుట్టినవి, ఒకప్పుడు అందరికంటే వేగంగా పోయినవి, తర్వాత అందరికంటే వెనకబడినవి. విశాఖ మీద బాంబులు పడ్డ మూడో రోజు, మన చుట్టాలు రైల్లో గుంతకల్లు దారిలో ఉన్నారేమో, అప్పుడు తొమ్మిది విమానాల్లో 27 మంది కొలంబో నుంచి సముద్రం మీదికి వెళ్లారు. తాము ఎక్కినది ఎలాంటిదో వాళ్లకు బాగా తెలుసు. అందులో 15 మంది ఉన్న విమానాలు తిరిగి రాలేదు. వాళ్ల ధైర్యం గురించి మాకు సందేహం లేదు. ఆ ధైర్యాన్ని మళ్లీ మళ్లీ అదే పనికి ఖర్చు పెట్టినవాళ్ల లెక్క గురించే సందేహం.

ధైర్యానికి పతకాలిచ్చారు. విమానంలోని లోపం, దాన్ని వాడిన తీరులోని లోపం మాత్రం అలాగే ఉండిపోయాయి. మొదటి దాడిలో సగం విమానాలు పోయిన రోజే తెలిసిన సంగతి అది. ఒక లోపం తెలియడానికీ, తెలిసిందని ఒప్పుకుని పని ఆపడానికీ మధ్య ఎన్ని రోజులు పడతాయో, అన్ని రోజులూ ఎవరో ఒకరు ఆ బండి ఎక్కుతూనే ఉంటారు.

అవ్వ చెప్పిన కథలో మాకు ఇంకా కొన్ని ముక్కలు దొరకాలి. ఆ ఏడు మద్రాసు నుంచి వచ్చిన చుట్టాలు మన ఇంట్లోనే కాదు, గుంతకల్లు, ఆదోని, హోసపేట వైపు కూడా దిగారని విన్నాం. మీ ఇళ్లలో ఎనభై తొంభై ఏళ్ల పెద్దవాళ్లు ఉంటే "బాంబుల ఏడు" గురించి అడగండి. ఏ రైల్లో వచ్చారు, ఏం తెచ్చుకున్నారు, ఎప్పుడు తిరిగి పోయారు, చిన్న సంగతైనా సరే. రాసి పంపితే ఇక్కడే కలిపి పెడతాం. అడగడం ఆలస్యం చేస్తే ఏమవుతుందో మాకు అవ్వ విషయంలో తెలిసొచ్చింది.